క్షమాపణ దొరికింది సరే, మరి కూలి డబ్బులు?

ఈ మధ్య మా విశాఖ క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. గాజువాక నుంచి ఒకరు, మద్దిలపాలెం నుంచి ఇంకొకరు నాకూ పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: “యేసు రక్తం అన్నీ కడిగేసింది. పాపం దేవుని దగ్గర ఒప్పుకుంటే చాలు. ప్రవర్తన మార్చుకో, చేసిన తప్పు సరిదిద్దుకో అనేవాళ్లు మిమ్మల్ని మళ్లీ మోషే ధర్మశాస్త్రం కిందికి లాగుతున్నారు. సిలువ మీద దొంగ ఏం సరిదిద్దాడు? లూథర్ కూడా విశ్వాసం ఒక్కటే చాలన్నాడు. పాతవి గతించెను.” దాని కింద వరసగా ఆమెన్‌లు.

పంపినవాళ్లు నాకు తెలిసినవాళ్లే, మంచివాళ్లే. మెసేజ్‌లో సగం నిజం ఉంది కాబట్టే నమ్మారు. అందుకే ఒక్కో మాటా విడదీసి చూడాలి.

కృపచేతనే రక్షణ, క్రియల వల్ల కాదు. ఎఫెసీ పత్రిక 2:8, 9 చెప్పేది అదే, దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా మెసేజ్ అక్కడితో ఆగిపోవడంతోనే. పదో వచనంలో మనల్ని సత్‌క్రియలు చేయడానికే సృష్టించాడని ఉంది. అదే పత్రిక 4:28లో అపొస్తలుడు పౌలు దొంగను ఇక దొంగతనం మాని, తన చేతులతో కష్టపడి, లేనివాడికి పంచమంటాడు. ఒప్పేసుకున్నావు కాబట్టి ఇంటికెళ్లి పడుకో అనలేదు. ఇక ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ సంగతి. 1517లో ఆయన రాసిన 95 వాదాల్లో మొట్టమొదటిదే విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా సాగాలని క్రీస్తు కోరాడని చెబుతుంది. ఆయన పేరు వాడుకునే ముందు అదొక్కటైనా చదివి ఉండాల్సింది.

ఇక అందరూ ఎత్తేది సిలువ మీద దొంగ కథ. యేసుతో పాటు సిలువ వేసిన ఆ మనిషి చేతులకు మేకులు దిగి ఉన్నాయి. ఎవరి సొమ్ము ఎవరికి తిరిగిచ్చావని అతణ్ని ఎలా అడుగుతాం? అతనికి మిగిలింది నోరు, కొద్ది గంటల ప్రాణం. ఆ నోటితోనే, యేసును దూషించిన రెండో దొంగను గద్దించాడు. మనకు పడ్డ శిక్ష న్యాయమేనని నలుగురిలో ఒప్పుకున్నాడు. యేసు ఏ తప్పూ చేయలేదని సాక్ష్యం చెప్పాడు. చేతనైనదంతా చేశాడు. మనకు రెండు చేతులూ ఉన్నాయి, పైపెచ్చు ఫోన్‌పే కూడా ఉంది.

ఇంకో సంగతి. దొంగ మారిన ఈ కథ నాలుగు సువార్తల్లో లూకా ఒక్కదాంట్లోనే ఉంది. ఆ లూకాను తెలుగులోకి తెచ్చే పని మన ఊళ్లోనూ జరిగింది. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు క్రాన్, దే గ్రాంజ్ ఆ పని మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి వాళ్లకు తోడయ్యాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. రెండు వందల ఏళ్లకు పైగా మన చేతిలో ఉన్న ఈ పుస్తకంలోనుంచి దొంగనొక్కణ్ని ఏరుకుని, అదే లూకా రాసిన పన్ను వసూలుదారు జక్కయ్యను వదిలేస్తే ఎలా? జక్కయ్యను ఎవరూ లెక్క అడగలేదు. తనంతట తానే లేచి ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ మాట విన్నాకే. డబ్బిచ్చి రక్షణ కొనుక్కున్నాడని కాదు. లోపలికి వచ్చిన రక్షణ అతని సొమ్ముల పెట్టె దాకా వెళ్లిందని.

అదే లూకా మూడో అధ్యాయంలో బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి జనం వచ్చి ఏం చేయమంటావని అడిగితే ఇంకా సూటిగా చెప్పాడు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి. పన్ను వసూలు చేసేవాడు నిర్ణయించినదానికంటే ఎక్కువ గుంజకూడదు. సైనికుడు ఎవరినీ బెదిరించకుండా తన జీతంతో తృప్తిపడాలి. ఎవరి వృత్తిని బట్టి వాళ్లకు చెప్పాడు. ఇప్పుడు విశాఖ వస్తే పూర్ణా మార్కెట్‌లో తూకం దగ్గర ఆగుతాడు. చీటీ పాడి డబ్బెత్తుకుని మిగతా వాయిదాలు ఎగ్గొట్టినవాళ్ల ఇంటి తలుపు తడతాడు. శనివారం సాయంత్రం బట్వాడా వేళకు బిల్డింగ్ సైటుకీ వెళ్తాడు. అక్కడ ఇటుకలు మోసినామెకు ఆరు రోజుల పనికి నాలుగు రోజుల కూలే చేతిలో పెట్టి, “బిల్లు రాలేదమ్మా, వచ్చే వారం చూద్దాం” అంటారు. ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుని, కిరాణా కొట్టు బాకీకి ఈ వారం ఏం సాకు చెప్పాలా అనుకుంటూ బస్సెక్కుతుంది. మర్నాడు ఆ కాంట్రాక్టరే ముందు వరసలో చేతులెత్తి ఏడుస్తూ ప్రార్థిస్తాడు. ఆ ఏడుపు నిజమైనదే అయ్యుండొచ్చు. కాకపోతే యాకోబు పత్రిక 5:4 చదివితే, అతని ప్రార్థన కంటే ముందే ఆ బిగబట్టిన కూలి దేవుని చెవిలో మొరపెట్టింది.

దేవుని దగ్గర ఒప్పుకుంటే చాలనే మాటకు జవాబు ఇందులోనే సగం వచ్చేసింది. మిగతా సగం మత్తయి 5:23, 24లో ఉంది. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వెళ్లాక నీ మీద సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు అతనితో సమాధానపడమన్నాడు యేసు. మా సంఘాల్లో దశమభాగం (ఆదాయంలో పదో వంతు కానుక) కవరు తీసుకునేటప్పుడు ఈ వచనం ఎవరూ ఎత్తరు, ఎందుకో మరి!

ప్రవర్తన గురించి మాట్లాడితే ధర్మశాస్త్రమేనన్న ఆరోపణ మాత్రం తేలిగ్గా తీసిపారేసేది కాదు. నగలు తీసెయ్యి, సినిమా మానెయ్యి, ఫలానా చీర కట్టకు అని మనుషుల్ని చిల్లర లెక్కలతో తూచే సంఘాలున్నాయి. అక్కడ విసిగిపోయినవాళ్లకు ఈ మెసేజ్ ఊరటగా తోచడం సహజమే. కానీ కృప కోసం పౌలు గట్టిగా పోట్లాడిన గలతీ పత్రికే తెరవండి. అంతియొకయలో యేసు శిష్యుడు పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తింటూ ఉండి, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు యూదులు రాగానే భయపడి వెనక్కి తగ్గి వేరైపోయాడు. పౌలు అందరి ముందే అతణ్ని నిలదీశాడు. సువార్త సత్యం ప్రకారం నడవడం లేదన్నాడు. అంటే కృపను బోధించిన మనిషికే, ఎవరి పక్కన కూర్చుని తింటున్నావన్నది సువార్తకు సంబంధించిన ప్రశ్న అయింది. మన పెళ్లి సంబంధాల బయోడేటాల్లో “బాప్తిస్మం పొందినది” అన్న లైను కిందే కులం కూడా రాస్తున్నామే, పౌలు చూస్తే ఏమంటాడు? పనిమనిషికి విడిగా పెట్టిన స్టీలు గ్లాసు చూస్తే? వాటిని మార్చుకోమంటే ధర్మశాస్త్రం అంటున్నారు!

చివరిది, పాతవి గతించెను అన్నది. ఎప్పుడో జరిగినవి ఇప్పుడు తవ్వుకోవడమెందుకు, ఆ మనుషులు ఎక్కడున్నారో ఏమో అంటారు. రెండో కొరింథీ 5:17 నూతన సృష్టి గురించి చెబుతుంది, బాకీల రద్దు గురించి కాదు. మనుషులు దొరక్కపోతే ఏం చేయాలో సంఖ్యాకాండం 5వ అధ్యాయం ఎప్పుడో తేల్చింది. తప్పు ఒప్పుకుని, తీసుకున్నదానికి అయిదో వంతు కలిపి సొంతదారుకివ్వాలి. అంటే పదివేలు ఎగ్గొడితే పన్నెండు వేలు. అతను లేకపోతే దగ్గరి బంధువుకివ్వాలి. బంధువు కూడా లేకపోతేనే అది దేవుని సొమ్మవుతుంది, యాజకుడికి చేరుతుంది. మనం ఈ వరసను తిరగేసి, ముందు గుడికిచ్చి అక్కడితో సరిపెట్టుకుంటున్నాం. ఆ ఇటుకల ఆమె పని మానేసి శ్రీకాకుళం జిల్లాలో సొంతూరికి వెళ్లిపోయి ఉంటే, ఆమె నంబరు మేస్త్రీ దగ్గర ఉంటుంది, అడగండి. ఆమె పోయి ఉంటే పిల్లలెవరో ఆ మేస్త్రీకే తెలుస్తుంది.