ఫ్రిజ్ తలుపు మీది పట్టిక గారికి

మహారాజశ్రీ రాత్రి భోజనాల పట్టిక గారికి, పొయ్యి దగ్గర నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీకూ నాకూ మధ్య దూరం నాలుగడుగులే కాబట్టి స్టాంపు అంటించడం లేదు. నోటితోనే చెప్పొచ్చు కదా అంటారేమో. మొన్న చెప్పబోతే "కాగితంతో పోట్లాటేందిమా" అని మా అబ్బాయి నవ్వాడు.

మీ పుట్టుక నాకు బాగా గుర్తు. సంక్రాంతి సెలవుల్లో నేను కనుమనాటి గిన్నెలు తోముతుంటే, మా ఆయన సోఫాలో ఏదో వీడియో చూసి లేచారు. "రోజూ మాపటికి ఏం వండాలా అని టెన్షన్ పడతాంటావు కదా, దానికి మందు కనిపెట్టినా" అన్నారు. రెండు రోజులు ల్యాప్‌టాప్ వదల్లేదు. నాలుగు వారాలకోసారి తిరిగొచ్చే చక్రం, మూడు కాలాలు, వెరసి 84 రాత్రులకు 84 వంటలు. ఎండాకాలానికి పసుపు, వానాకాలానికి ఆకుపచ్చ, చలికాలానికి నీలం. లామినేషన్ చేయించి, ఏడుకొండల బొమ్మ ఉన్న అయస్కాంతంతో మిమ్మల్ని ప్రతిష్ఠించారు. ఆ రెండు రోజుల్లో ఆయన వంటింట్లోకి వచ్చింది ఒకే ఒక్కసారి, కాఫీ ఏమైందని అడగడానికి.

అబద్ధమెందుకు, మొదటి పది రోజులు సుఖపడ్డాను. సాయంత్రం స్కూలు నుంచి బస్సులో వస్తుంటే మాపటి సంగతి బుర్రలో లేదు. పక్క సీటు టీచరమ్మ "ఏం కూర?" అంటే, "బుధవారం కదా, టమాటా పప్పు" అని కలెక్టరమ్మలా జవాబిచ్చాను. ఆమె మీ ఫొటో పంపమని కూడా అడిగింది. పంపాను. పాపం, ఆమె ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మీకు కాలాలు ఎవరు నేర్పారో గానీ, జూన్ ఒకటో తేదీన వానాకాలం తెచ్చేశారు. ఆకుపచ్చ గడిలో "వేడివేడి మిరియాల సూపు" అని ఉంది. బయట తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. అయ్యా, తిరుపతిలో గట్టి వాన చూడాలంటే అక్టోబరు, నవంబరు దాకా ఆగాలి. ఈశాన్య రుతుపవనాలు వస్తే గానీ కపిలతీర్థంలో నీళ్ళు చప్పుడు చేస్తూ దూకవు. 2021 నవంబరులో మా వీధులు ఏరులై పారింది ఆ వానలకే. మీ లెక్కలో మాత్రం అక్టోబరు నుంచే చలికాలం. ఆ నీలం రంగులో మొదటి గడి చూశాక మీది ఏ ఊరో తెలిసిపోయింది: గుమ్మడికాయ సూపు.

మా అత్త కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది. "గుమ్మడికాయ నీళ్ళు తాగేదానికి ఇంట్లో ఎవురికన్నా ఒళ్ళు బాగలేదా?" అంది.

అత్తతో మీ తగాదా అంతకు ముందు నెలలోనే మొదలైంది కదా. సెప్టెంబరు సగంలో వెంకన్న నెల, పెరటాసి వచ్చింది. మా ఇంట్లో ఆ నెలంతా నీచు ముట్టుకోం, శనివారాలు ఒక పొద్దు. మీరేమో నాలుగు ఆదివారాలకూ నాలుగు కోడికూరలు పెట్టుకుని కూర్చున్నారు. అత్త పెన్సిలుతో కొట్టేయబోతే లామినేషన్ మీద గీత పడలేదు. సరేనని, నేను అద్దానికి అంటించి పెట్టుకున్న బొట్టుబిళ్ళలు నాలుగు పీకి, నాలుగు కోడికూరల మీదా అతికించింది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి "ఇదేందిమా?" అంటే, "ఒక నెల కోళ్ళను గూడా బతకనీ నాయనా" అంది. అవి ఇంకా అట్లనే ఉన్నాయి. నిజం చెప్పాలంటే మీ ముఖానికి కళ వచ్చింది.

ఇక చుట్టాలకు మీలో గడే లేదు. తిరుపతిలో ఇల్లుందంటే సత్రం నడుపుతున్నట్టే, బోర్డు ఒక్కటే తక్కువ. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను వస్తుంది. "వదినా, రేపటి దర్శనానికి టోకెను దొరికింది, ఈ రాత్రికి మీ ఇంట్లోనే. ఎక్కువమంది లేంలే, తొమ్మిదిమందిమి." ఆ రాత్రి మీ ఆజ్ఞ ఏమిటా అని చూస్తే చపాతీ, పనీరు. తొమ్మిదిమందికి చపాతీలు ఒత్తడం మొదలుపెడితే ఆఖరిది కాలేసరికి సుప్రభాతం వినొచ్చు. ఉప్మా చేశాను. ఈ ఏడాదిలో ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. 84 వంటల్లో ఉప్మా పేరు ఒక్కచోటా లేదు, గమనించారా? ఈ ఇంటి పరువు నిలబెట్టిన వంట అది. చుట్టాలు కొండ దిగొచ్చి చేతిలో పెట్టే లడ్డూకీ మీలో చోటు లేదు. రాత్రి పెరుగన్నం తిని తలా ఒక ముక్క నోట్లో వేసుకుంటే మీ గడి గల్లంతు.

అసలు సంగతికి వస్తాను. నీలం రంగు, రెండో వారం, శనివారం: "పితికిపప్పు, సంగటి." రెండే మాటలు.

ఆ రెండు మాటల వెనక ఏముందో మీరు పైనుంచి చూడలేదా? మొదట అనపకాయలు తెచ్చి ఒలవాలి. గింజలు రాత్రంతా నీళ్ళలో నానాలి. పొద్దున ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కాలి. తోలు వేళ్ళకు అంటుకుంటుంది, పప్పు చటుక్కున జారి గిన్నెలో పడుతుంది. పడకపోతే గోడకు కొట్టుకుంటుంది. అరగంటకు మునివేళ్ళు ముడతలు పడతాయి, గంటకు మెడ పట్టేస్తుంది. గిన్నెలో చూస్తే సగం. తర్వాత ధనియాలు, కొబ్బరి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ నూరాలి. ఇంకో పొయ్యి మీద బియ్యం మెత్తగా ఉడికించి, రాగిపిండి పోసి, ఉండ కట్టకుండా కట్టెతో గెలకాలి. ఇదంతా మీ దగ్గర రెండు వేళ్ళంత గడిలో సరిపోయింది.

మీలో వారం ఉంది, కాలం ఉంది, వంట ఉంది, ఆఖరికి కేలరీలు కూడా ఉన్నాయి. ఎవరు ఒలవాలి అన్న గడి మాత్రం లేదు. "ఏం వండాలి అనే ప్రాబ్లమ్ మా ఇంట్లో లేదు" అని ఆయన ఆఫీసులో చెప్పుకుంటున్నారట. ఆ ప్రశ్న నన్ను అంతగా ఏడిపించింది ఎప్పుడండీ? ఒలుస్తూ ఒలుస్తూ కూడా ఆలోచించుకోవచ్చు దాన్ని.

అత్త దగ్గర కూడా ఒక పట్టిక ఉంది, లామినేషన్ లేకుండా. సోమవారం పప్పు, మంగళవారం పులుసు, బుధవారం వేపుడు, చారు, అట్లా వారమంతా. పప్పులో ఏం పడాలో బజారు చెప్తుంది. ఉగాది వేళకు చింతచిగురు, ఎండల్లో మామిడికాయ, తర్వాత గోగాకు. ఏమీ లేనినాడు ఉత్తపప్పు, పక్కన ఊరిబిండి పచ్చడి. 2023 జూలైలో టమాటా ధర మదనపల్లె మార్కెట్లోనే కిలో రెండు వందల దగ్గరికి పోతే ఆమె చింతపండు డబ్బా దించింది. అంతే, ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు. అదే మీరైతే ఆ బుధవారం టమాటా పప్పే కావాలని గోడెక్కి కూర్చునేవారు.

నిన్న రాత్రి అనపగింజలు నానబోసి, మా అబ్బాయి మార్కర్ పెన్ను తీసుకుని మీ కుడిపక్క ఒక గడి గీశాను. లామినేషన్ మీద మార్కర్ నిలుస్తుందని అత్తకు చెప్పలేదు, చెప్తే మీకు కష్టం. ఆ గడిలో మా ఆయన పేరు రాశాను. ఈ రోజు రెండో శనివారం, బ్యాంకుకు సెలవు.

ఇప్పుడు ఆయన నేల మీద గిన్నె ముందు కూర్చుని ఉన్నారు. పదో గింజకు "ఇవి పితికినవే అమ్మరా బజార్లో?" అని అడిగారు. "అమ్ముతారు, రేటు కనుక్కోని రాపో" అంది అత్త. వెళ్ళారు, కనుక్కున్నారు, ఉత్తచేతులతో తిరిగొచ్చి మళ్ళీ గిన్నె ముందు కూర్చున్నారు.

ఈ ముక్క రాస్తుండగానే ఒక పప్పు ఎగిరి మీ కాళ్ళకింద, ఫ్రిజ్ అడుక్కి పోయింది. ఆయన నేలమీద చెంప ఆనించి చీపురుపుల్లతో వెతుకుతున్నారు. తమరు పైనే ఉన్నారు కదా, ఎక్కడుందో కాస్త చెప్పండి.

ఇట్లు,
సంగటి గెలికే చేత్తో