కాథ్లీన్ హానా ఆ అబద్ధం ఎందుకు చెప్పింది?

2005లో అమెరికన్ రాక్ గాయని కాథ్లీన్ హానా తన బ్యాండ్ ల టీగ్రతో పాడటం ఆపేసింది. చెప్పాల్సిందంతా చెప్పేశాను, కొత్తగా చెప్పడానికి ఏమీ లేదని తోటివాళ్లతో అంది. అది అబద్ధం. ఆమెకు ఒంట్లో బాగోలేదు. ఏం జబ్బో తెలియదు. 2013లో వచ్చిన ‘ద పంక్ సింగర్’ డాక్యుమెంటరీలో ఆ సంగతి తనే ఒప్పుకుంది.

అంత ధైర్యస్తురాలు జబ్బు విషయం ఎందుకు దాచింది? నన్ను వదలని ప్రశ్న ఇది.

1990లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియాలో హానా మొదటి రోజుల బ్యాండ్ బికినీ కిల్ మొదలైంది. అప్పట్లో పంక్ అనే హోరు రాక్ సంగీతం కచేరీ అంటే స్టేజీ ముందు మగపిల్లల తోపులాటే. అమ్మాయిలు దెబ్బలకు భయపడి వెనక గోడకు ఆనుకుని చూసేవాళ్లు. హానా మైకులో ‘అమ్మాయిలంతా ముందుకు రండి’ అని పిలిచేది. పాటల కాగితాలు వాళ్ల చేతికే ఇచ్చేది. ఇది నచ్చని మగవాళ్లు బూతులు తిట్టేవాళ్లు, చేతికందింది విసిరేవాళ్లు. సెక్యూరిటీ ఎవరూ లేకపోతే తనే కిందికి దిగి వాళ్లను బయటికి పంపేది.

పాట అయిపోయినా పని అయ్యేది కాదు. చదువుకునే రోజుల్లో ఆమె హింసకు గురైన స్త్రీలు తలదాచుకునే కేంద్రంలో వాలంటీరుగా పనిచేసింది. కచేరీ అయ్యాక అమ్మాయిలు వచ్చి ఇంట్లో జరిగిన అత్యాచారాల గురించి చెప్పుకుని ఏడ్చేవాళ్లు. పాడి పాడి గొంతు పోయిన మనిషి అప్పుడు కూర్చుని అవన్నీ వినాలి.

మన భాషలో ఓపిక అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి సహనం, రెండోది ఒంట్లో శక్తి. ఉద్యమంలో ఉన్న ఆడవాళ్ల దగ్గర మొదటిది అందరూ ఆశిస్తారు. రెండోది ఉందో లేదో ఎవరూ అడగరు. హానా కూడా తనను తాను అడగలేదనిపిస్తుంది. శరీరం ఆపేసిందని చెప్పడం కన్నా, తనే కావాలని ఆగిపోయానని చెప్పుకోవడం ఆమెకు తేలికైంది.

జబ్బు పేరు లైమ్ అని తేలడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది. మన పశువులకు పట్టే పిడుదు లాంటి చిన్న పురుగు కుడితే వస్తుంది. మొదట్లోనే కనిపెడితే మామూలుగా యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోతుంది, ఆలస్యమైతే నరాలనూ కీళ్లనూ పట్టుకుంటుంది. సెల్ఫ్ కేర్ అంటే కొవ్వొత్తులు, ఫేస్ ప్యాకులు అనుకునేవాళ్లు ఈ ఐదేళ్ల గురించి ఆలోచించాలి. ఆమెకు కావాల్సింది సరైన పరీక్ష, మందు, బాగోలేదని చెప్పుకునే చోటు.

తర్వాత ఆమె పని చేసే తీరు మారింది. పశ్చిమాఫ్రికాలోని టోగోలో ఆడపిల్లల చదువు కోసం టీషర్టులు అమ్మి డబ్బు పంపే పని పెట్టుకుంది. ఇది నాకు చాలా నచ్చింది. ఆమె మంచాన పడిన రోజు కూడా ఆ పని నడుస్తుంది.

ఆ పని మొదలుపెట్టక ముందు, 2014లో ఆమె ఆరోగ్యం మళ్లీ దెబ్బతింది. అప్పటి బ్యాండ్ ద జూలీ రూయిన్ టూర్ రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఈసారి చెప్పడానికేమీ లేదని అనలేదు. లైమ్ అనే చెప్పింది. 2019లో బికినీ కిల్‌తో తిరిగి స్టేజీ ఎక్కింది.