లెక్కలు రాకపోతే బైపీసీ అని మీకెవరు చెప్పారు?

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మెసేజ్. బంధువుల వాట్సాప్ గ్రూపులో అదే, కాలనీ గ్రూపులో అదే, నాతో చదువుకున్నవాళ్ల గ్రూపులో అదే, ఆఖరికి మా స్టాఫ్ గ్రూపులో కూడా ఎవరో పెట్టారు. "పదో తరగతి పాసైన పిల్లల తల్లిదండ్రులకు ముఖ్య గమనిక, తప్పక షేర్ చేయండి" అని మొదలై, ఇంటర్‌లో పిల్లల్ని ఏ గ్రూపులో చేర్చాలో ఎనిమిది పాయింట్లతో చెప్పి, చివర ఒక ఫోన్ నంబరుతో ముగుస్తుంది. పంపిన ప్రతివాళ్లూ "నువ్వు జూనియర్ కాలేజీలో చెప్తావుగా, ఇది కరెక్టేనా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు అయిపోయింది. కరెక్టు కాదు. ఎందుకు కాదో ఇక్కడ రాస్తున్నాను. నేను లెక్కలుండే ఎంపీసీకీ, లెక్కల బదులు బయాలజీ ఉండే బైపీసీకీ కూడా ఫిజిక్స్ చెప్తాను, కాబట్టి ఏ గ్రూపు మీదా నాకు ప్రత్యేకమైన ప్రేమ లేదు.

ముందు చిన్నవి తేల్చేద్దాం. "సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకోండి, మార్కులు పడతాయి." పడతాయి. అందరూ చేస్తున్నదే, దీనికి మెసేజ్ అక్కర్లేదు.

"ఇంటర్ మార్కులకు విలువ లేదు, ఎంట్రన్స్ ర్యాంకే ముఖ్యం." ఇంజనీరింగ్ ఎంట్రన్స్ జేఈఈలో ర్యాంకు వచ్చినా ఐఐటీలోనో ఎన్ఐటీలోనో చేరాలంటే ఇంటర్లో 75 శాతం ఉండాలి, లేదంటే బోర్డులో టాప్ 20 పర్సంటైల్లో, అంటే మొదటి ఇరవై శాతం మందిలో ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 65 శాతం. ఇంజనీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లకు రాష్ట్రాలు పెట్టే ఎంట్రన్స్ ఈఏపీసెట్. ఆంధ్రలో ఆ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం. తెలంగాణలో తీసేశారు, అంతవరకే నిజం.

"అమ్మాయిలకు బైపీసీ, అబ్బాయిలకు ఎంపీసీ సూట్ అవుతుంది." దీనికి జవాబు రాయాల్సి రావడమే చిరాగ్గా ఉంది. ఏటా ఇంటర్ ఫలితాల రోజు "బాలికలదే పైచేయి" అని పేపర్లో చదివి, మర్నాడు ఇలాంటిది ఫార్వర్డ్ చేసేవాళ్లకు నేనేం చెప్పను?

ఇక అసలు పాయింటు. "లెక్కల్లో చురుగ్గా ఉన్న పిల్లల్ని ఎంపీసీలో వేయండి. లెక్కలంటే భయపడేవాళ్లను బైపీసీలో వేస్తే హాయిగా చదువుకుంటారు." హాయిగానట! ఈ ఒక్క మాట నమ్మి తల్లిదండ్రులు చేర్పించిన పిల్లలు జూన్‌లో నా క్లాసులో బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు, ఇది రాసిన పెద్దమనిషి ఒక్కసారి వచ్చి వాళ్లను చూడాలి.

ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాలు రెండు గ్రూపులకూ ఒకటే. పబ్లిక్ పరీక్ష పేపరూ ఒకటే. ఫస్టియర్ ఫిజిక్స్‌లో కొలతలు, ప్రమాణాలు అయిపోగానే చలనం వస్తుంది. టీ అంటే కాలం, స్థానం మూడు టీ స్క్వేర్ ప్లస్ రెండు టీ అని ఇచ్చి, రెండు సెకన్ల దగ్గర వేగమెంత అంటాడు. డిఫరెన్షియేట్ చేస్తే ఆరు టీ ప్లస్ రెండు, టీ దగ్గర రెండు పెడితే 14. రెండు లైన్ల లెక్క. కానీ డిఫరెన్షియేషన్ అంటే ఏంటో ఆ పిల్లకు ఎవరు చెప్పారు? ఎంపీసీ పిల్లలకైనా లెక్కల్లో అది వచ్చేసరికి దసరా దాటిపోతుంది, కానీ వస్తుంది, దానికో లెక్చరర్ ఉంటాడు, అర్థం కాకపోతే అడగడానికి ఒక పీరియడ్ ఉంటుంది. బైపీసీ పిల్లలకు లెక్కల సారే ఉండడు. వెక్టర్లు కావాలి, సైన్, కాస్ కావాలి, కొంచెం కాలిక్యులస్ కావాలి, ఇవన్నీ నేర్పే పీరియడ్ మాత్రం టైంటేబుల్లో లేదు. నాలాంటి ఫిజిక్స్ వాళ్లం మొదటి వారం రోజులు "బేసిక్ మ్యాథ్స్" అని బోర్డు మీద హడావుడిగా రాసి సిలబస్‌లోకి పరుగెత్తాలి. అంటే లెక్కలంటే భయపడే పిల్లవాణ్ణి తీసుకొచ్చి, లెక్కలు అవసరమయ్యే చోట, లెక్కలు చెప్పేవాళ్లు లేకుండా కూర్చోబెడుతున్నాం. దీన్నే మెసేజ్‌లో హాయి అంటున్నారు.

కెమిస్ట్రీ సంగతీ అంతే. 0.002 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? మూడులోంచి లాగ్ రెండు తీసేయాలి, 2.7 వస్తుంది. లాగ్ అనగానే పెన్ను కింద పెట్టేసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

సరే, మెడికల్ సీట్ల కోసం నీట్ రాస్తారనుకుందాం. 720 మార్కుల్లో బయాలజీకి 360, మిగతా సగం ఫిజిక్స్, కెమిస్ట్రీలది. క్యాలిక్యులేటర్ ఉండదు. బయాలజీ బాగా చదివినవాళ్లు వేలకు వేలమంది ఉంటారు, వాళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తేల్చేది చాలాసార్లు ఫిజిక్సే. 2024లో 720కి 720 తెచ్చుకున్నవాళ్లు ఉంటే, 2025లో ఆలిండియా ఫస్ట్ ర్యాంకుకే 686 వచ్చాయి. ఆ ఏడాది పేపరు రాసి వచ్చిన పిల్లల్లో ఎవర్ని అడిగినా ఫిజిక్స్ గురించే చెప్తారు.

పోనీ బయాలజీ అయినా తేలికా? మొక్కల కుటుంబాలకు పుష్ప సంకేతాలు రాయమనండి, బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మ గీసి భాగాలు గుర్తించమనండి, తెలుస్తుంది. ఇష్టం ఉన్నవాళ్లకు అది ఒక లోకం. ఇష్టం లేనివాళ్లకు రెండేళ్ల శిక్ష. కిందటి బ్యాచ్‌లో ఒకబ్బాయి, టెన్త్ లెక్కల్లో మార్కులు తగ్గాయని వాళ్ల నాన్న తెచ్చి బైపీసీలో వేశాడు. ఆ బొద్దింక బొమ్మ గీయమంటే మొహం చిట్లించేవాడు, నా క్లాసులో సైన్ 30 విలువ తెలియక తల వంచుకునేవాడు. అడిగితే పక్కవాళ్లు నవ్వుతారని భయం. వాడికి కావాల్సింది వేరే గ్రూపు కాదు, ఆ వేసవి సెలవుల్లో ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని భిన్నాలు, ఘాతాంకాలు, త్రికోణమితి ఓపిగ్గా నేర్పించడం. ఏ గ్రూపులో చేరినా అవి కావాల్సిందే. గ్రూపు మారిస్తే భయం పోతుందని చెప్పేవాళ్లు ఆ పిల్లల ముందుకొచ్చి చెప్పండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. లెక్కలు బాగా వచ్చు, మొక్కలంటే ప్రాణం. అలాంటి పిల్లను "నీ తెలివికి బైపీసీ ఏంటే" అని ఎంపీసీలో పడేస్తారు. అసలు లెక్కలు వచ్చిన పిల్లలే బైపీసీలో బాగా రాణిస్తారు, అది ఎవరూ చెప్పరు.

తర్వాతది, "బైపీసీలో డాక్టర్ సీటు రాకపోతే జీవితం వృథా." సీటు కష్టమన్నది నిజం, దాన్ని నేను తక్కువ చేసి చెప్పను: 2025లో దాదాపు 22 లక్షల మంది నీట్ రాస్తే దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా 20 వేల చుట్టుపక్కల. కానీ వృథా ఏంటి? అగ్రికల్చర్ బీఎస్సీ ఉంది, ఈఏపీసెట్ ర్యాంకుతో రాజేంద్రనగర్‌లోనో బాపట్లలోనో చదవొచ్చు. హార్టికల్చర్ ఉంది, వెటర్నరీ ఉంది, ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది. ఫార్మసీ, ఫార్మ్ డీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, బయోటెక్నాలజీలో బీటెక్ కూడా ఉంది. భీమవరం చుట్టూ అన్ని చేపల, రొయ్యల చెరువులు, శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో వ్యాక్సిన్ కంపెనీలు పెట్టుకున్న మనం, బైపీసీ అంటే డాక్టరే అని ఇంకా ఎన్నాళ్లు అనుకుంటాం?

"ఎంపీసీ తీసుకుంటే దారులు ఎక్కువ." ఇది మాత్రం నిజం. ఎంతమంది నాతో వాదించినా ఈ ఒక్క పాయింటు నేను ఒప్పుకుంటాను. ఇంజనీరింగ్ సంగతి సరే, సైనికాధికారుల శిక్షణ సంస్థ ఎన్డీఏలో ఎయిర్ ఫోర్స్, నేవీకి, పైలట్ ట్రైనింగ్‌కు, ఆర్కిటెక్చర్‌కు, స్టాటిస్టిక్స్‌కు లెక్కలు కావాలి, బీఫార్మసీలో ఎంపీసీ వాళ్లకూ సీట్లున్నాయి. పిల్లకు ఏదిష్టమో నిజంగా ఇంకా తేలకపోతే, లెక్కలంటే విరక్తి లేకపోతే, ఎంపీసీ వైపు మొగ్గడంలో తప్పు లేదు. మెడిసిన్, వ్యవసాయం, పశువైద్యం మాత్రం మూసుకుపోతాయని తెలిసి తీసుకోండి.

"పదిహేనేళ్ల పిల్లలకేం తెలుసు, వాళ్లను అడగకండి, ఇప్పుడు తీసుకున్న గ్రూపే జీవితం." అంత పెద్ద నిర్ణయమైతే ఆ జీవితం బతికేవాళ్లను అడగకుండా ఎలా తీసుకుంటారండీ? పైగా అంత మూసుకుపోయేదీ కాదు. వెంకీ రామకృష్ణన్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేశాక బయాలజీ వైపు వెళ్లి, కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ మీద పనిచేసి, 2009లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జ్‌కి వెళ్లి మొదట కూర్చున్నది సూడాన్ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతల ముందు. అందరూ అంతవాళ్లవుతారని కాదు. ఇష్టం లేనిదాంట్లో వేసి రెండేళ్లు హాస్టల్లో పెట్టి పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా కూర్చోబెడితే మాత్రం ఏమీ కారు. చేరిన కొత్తలోనే పిల్ల "నా వల్ల కావట్లేదు" అంటే తిట్టకుండా వినండి, బోర్డు ఇచ్చే గడువులోగా గ్రూపు మార్పించుకోవచ్చు.

ఆఖరి పాయింటు, "మంచి కాలేజీల్లో సీట్లు అయిపోతున్నాయి, వెంటనే బుక్ చేసుకోండి." షెడ్యూల్ ఇచ్చేదాకా అడ్మిషన్లు చేయొద్దని బోర్డు ఏటా చెప్తూనే ఉంటుంది. మెసేజ్ కింద ఉన్న నంబరుకు నేను ఫోన్ చేశాను. ఒకమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. మా బాబుకు లెక్కలు సరిగ్గా రావన్నాను. "పర్లేదు సార్, బైపీసీలో నీట్ బ్యాచ్ ఉంది, ఈ రోజే ఐదు వేలు కడితే సీటు బ్లాక్ చేస్తాం" అంది. డాక్టర్ సీటు రాకపోతే బైపీసీ వృథా అని మీ మెసేజ్‌లోనే ఉంది కదమ్మా అన్నాను. లైన్ కట్ చేసింది.