"పెద్ద టైరు, లోతు గుబ్బ, ఎక్కువ ప్లై": ట్రాక్టర్ టైర్లపై ఈ సలహా ఎందుకు తప్పు

ట్రాక్టర్ టైర్లు మార్చేవాళ్ల కోసం ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది. వెనక టైర్లు ఒక సైజు పెద్దవి వేయించండి, టైరు మీద నేలని పట్టుకునే గుబ్బలు ఎంత లోతుంటే అంత మంచిది, ప్లై ఎక్కువున్నవే కొనండి, గాలి గట్టిగా కొట్టండి, ముందు టైర్లు పూర్తిగా అరిగేదాకా వాటి జోలికి పోవద్దు. ఇది నమ్మి బోలెడు డబ్బు పెట్టేవాళ్లున్నారు, అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

పెద్ద సైజు సంగతి ముందు. టూ వీల్ డ్రైవ్ బండికి రిమ్ము వెడల్పు సరిపోయి, మడ్‌గార్డుకి తగలకుండా ఉంటే వేసుకోవచ్చు, కాదనను. ఫోర్ వీల్ డ్రైవ్‌కి అలా కుదరదు. నాలుగు చక్రాలూ పని చేస్తున్నప్పుడు వెనక చక్రం ఒక చుట్టు తిరిగితే ముందుది ఎంత తిరగాలో లోపలి గేర్లే నిర్ణయిస్తాయి, అది మారదు. ముందు చక్రాలు వెనకవాటికంటే కొంచెం వేగంగా, మామూలుగా 1 నుంచి 5 శాతం దాకా, లాగేటట్టు లెక్క చూసి కంపెనీ టైర్ల సైజులు పెడుతుంది. వెనక మాత్రమే చుట్టుకొలత పెంచితే ఆ తేడా పోతుంది, లాగాల్సిన ముందు చక్రాలే బ్రేకు వేసినట్టు అడ్డం పడతాయి. మెత్తటి దుక్కిలో అయితే చక్రం జారి ఆ ఒత్తిడి తీరిపోతుంది, గట్టి రోడ్డు మీద అదంతా షాఫ్టులూ గేర్లే మోయాలి.

ముందు టైర్లు ముట్టుకోవద్దన్న మాట కూడా ఇక్కడే తప్పుతుంది. సైజు మార్చకపోయినా, వెనక కొత్తవి నిండు గుబ్బలతో ఉండి ముందువి అరిగి చుట్టుకొలత తగ్గితే ఫలితం అదే. అనుమానముంటే కొలవండి, కష్టమేం కాదు. చదునుగా ఉన్న మట్టి దారిలో వెనక చక్రం సరిగ్గా 10 చుట్లు తిరిగేదాకా నెమ్మదిగా నడిపి, ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఒకసారి ఫోర్ వీల్ వేసి, ఒకసారి తీసేసి. తీసేసినప్పుడు 15, వేసినప్పుడు 15న్నర వచ్చిందనుకోండి, తేడా 3 శాతం పైన, బాగుంది. రెండూ సమానంగా వచ్చినా, వేసినప్పుడే తక్కువ వచ్చినా ముందు టైర్ల గురించి కూడా ఆలోచించాల్సిందే.

గుబ్బల లోతు మాటలో సగం నిజముంది. బురదలో, దమ్ములో లోతు గుబ్బే పట్టు ఇస్తుంది, బురద పొలాల టైరు ఆర్-2 రకం ఉన్నది అందుకే, దాని గుబ్బ లోతు మామూలు పొలం టైరు ఆర్-1కి దాదాపు రెట్టింపు. కానీ సంవత్సరంలో ఎక్కువ గంటలు రోడ్డు మీద ట్రాలీ లాగే బండికి అదే టైరు వేస్తే బండి అదురుతుంది, గుబ్బలు తొందరగా అరిగిపోతాయి. మీ బండి ఎక్కువ గంటలు ఎక్కడ తిరుగుతుందో చూసి కొనండి.

ఇక ప్లై. 12 ప్లై అంటే లోపల 12 పొరలున్నాయని కాదు. నూలు పొరల కాలం నాటి లెక్క అది, ఇప్పుడు బలాన్ని చెప్పే గుర్తుగా మిగిలింది. ఎక్కువ ప్లై టైరు ఎక్కువ గాలిని తట్టుకుంటుంది, ఆ గాలి వల్లే ఎక్కువ బరువు మోస్తుంది. మీరు కొట్టే గాలి పెరగనప్పుడు అదనపు ప్లైకి డబ్బు పెట్టినా మోసే బరువు పెద్దగా పెరగదు.

అలాగని గాలి గట్టిగా కొట్టడమూ పరిష్కారం కాదు. పొలంలో గట్టి టైరు నేలకి తక్కువ ఆనుతుంది, ఎక్కువ జారుతుంది, పైమట్టిని అణిచేస్తుంది. బరువుతో రోడ్డెక్కినప్పుడు గాలి మరీ తక్కువైతే టైరు పక్కగోడలు దెబ్బతింటాయి, ఇది కూడా అంతే నిజం. గొర్రు పైకెత్తి ఉంచి వెనక ఇరుసు మీద ఎంత బరువు పడుతోందో వేబ్రిడ్జి మీద చూసుకుని, టైరు కంపెనీ పట్టికలో ఆ బరువుకి ఎంత గాలి రాశారో అంతే పెట్టండి. పక్కగోడలు మెత్తగా ఉండే రేడియల్ రకం టైరైతే కింద పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తుంది, దాని తీరే అది, గాలి తగ్గిందనుకుని మళ్లీ కొట్టించకండి, గేజీ పెట్టి చూడండి.