కమిట్ యాక్సెస్: మడవ ఎవరికి, తూము ఎవరికి?

పోయినేడు ఎండాకాలంలో మా ప్రాజెక్టుకు అనంతపురం నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని ప్యాచ్‌లు (కోడ్‌కు దిద్దుబాట్లు) పంపడం మొదలుపెట్టింది. ప్రాజెక్టు అంటే పెద్దదేమీ కాదు. పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే చిన్న సాఫ్ట్‌వేర్. కర్నూలులో నేను, బెంగళూరులో ఇద్దరు మిత్రులు ఆదివారాలు కూర్చొని చూసుకునే పని. ఆ అమ్మాయి ముందు వత్తులు తారుమారయ్యే తప్పు దిద్దింది. తర్వాత అరసున్న సంగతి చూసింది. ఆ తర్వాత మేం మూడేళ్లుగా వాయిదా వేస్తున్న టెస్టులు రాసిపెట్టింది. ఏడో ప్యాచ్ దగ్గర, ఈ అమ్మాయికి కమిట్ యాక్సెస్, అంటే కోడ్‌ను నేరుగా మార్చే హక్కు, ఇచ్చేద్దామా అని మిత్రులను అడిగాను. “ఇంకొన్నాళ్లు చూద్దాంలే” అన్నారు. నేనూ సరేనన్నాను. ఆమె తొమ్మిదో ప్యాచ్ మా దగ్గర నెలన్నర పడి ఉంది. “అన్నా, చూసినారా?” అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. పదో ప్యాచ్ రాలేదు.

ఓపెన్ సోర్స్‌లో కోడ్ ఎవరైనా చదవొచ్చు, కాపీ చేసుకొని మార్చుకోవచ్చు, ఆ మార్పును తిరిగి పంపొచ్చు. దాన్ని అసలు రిపాజిటరీలో, అంటే ప్రాజెక్టు కోడంతా ఉండే చోట, కలిపే హక్కు మాత్రం కొందరికే ఉంటుంది. కొత్తవాళ్లకు ఆ హక్కు ఎప్పుడివ్వాలన్న దానిపై ఏకాభిప్రాయం ఎన్నడూ లేదు. 2005లో పెర్ల్ 6 అనే ప్రోగ్రామింగ్ భాష కోసం పగ్స్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టిన ఆడ్రీ టాంగ్, ఆసక్తి చూపిన వాళ్లందరికీ కమిట్ హక్కు పంచిపెట్టారు. రూబీ భాష కోసం రాసిన రూబినియస్‌లో ఒక్క ప్యాచ్ ఆమోదం పొందితే చాలు, హక్కు వచ్చేసేది. అదే లైనక్స్ కెర్నల్‌కు ఒక్కో వెర్షన్‌లో వెయ్యి మందికి పైగా కోడ్ పంపుతారు, కానీ ప్రధాన శాఖలో కలిపేది దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్. మిగతావాళ్ల పని ఆయా విభాగాలను చూసుకునే మెయింటెయినర్ల చేతుల మీదుగా ఆయన దాకా వెళ్తుంది. అపాచీ సంస్థ ప్రాజెక్టుల్లో ఓటింగ్ ఉంటుంది. ఇలా ఎవరి లెక్క వాళ్లది.

అందుకే “ఇంకొన్నాళ్లు” అన్న మాట తేలిగ్గా నోటికొస్తుంది. ఆలస్యం చేస్తే ఏం పోతుంది, భద్రమే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది, ఎక్స్‌జెడ్ వ్యవహారం చదివేదాకా.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే ఒక సాధనం. దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. జియా టాన్ అనే పేరుతో ఒకరు 2021 చివర్లో దానికి ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. ఒంటరిగా, జీతం భత్యం లేకుండా ఆ ప్రాజెక్టును మోస్తున్న మెయింటెయినర్ అప్పటికే అలసిపోయి ఉన్నాడు. 2022లో ఎవరికీ తెలియని కొన్ని పేర్లతో, పని నత్తనడకన సాగుతోంది, ఇంకెవరికైనా అప్పగించండి అంటూ ఆయన మీద ఒత్తిడి పెరిగింది. మెల్లగా జియా టాన్ చేతికి కమిట్ హక్కు వచ్చింది. ఆ తర్వాత రిలీజులు చేసే, అంటే కొత్త వెర్షన్లు విడుదల చేసే, హక్కూ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0, దాని వెనకే వచ్చిన 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బ్యాక్‌డోర్) ఉంది. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ దాన్ని బయటపెట్టాడు. దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోతే దొరికింది. తీవ్రత కొలమానంలో దానికి పదికి పది వేశారు.

ఇది తెలిశాక చాలామంది పట్టుకున్న పాఠం, కొత్తవాళ్లను తొందరపడి నమ్మొద్దని. నాకు మాత్రం అందులో తిరకాసు కనిపించింది. జియా టాన్ తొందరపడిందెక్కడ? రెండేళ్లకు పైగా ఓపిక పట్టి నిజంగా పనికొచ్చే పనే చేశారు కదా. “ఇంకొన్నాళ్లు చూద్దాం” అనే పరీక్షలో ఫస్ట్ క్లాసులో పాసయ్యే మనిషి ఇలాంటివాడే. దుర్బుద్ధితో వచ్చినవాడికి ఓపిక ఉంటుంది, ఒక్కోసారి దానికి జీతం కూడా ఉంటుంది. ఓపిక లేనిది సెమిస్టర్ పరీక్షల మధ్య ప్యాచ్ పంపే అనంతపురం అమ్మాయికి.

ఇంకో సంగతి చూడండి. ఆ దొంగదారిని తెరిచే స్క్రిప్టు అందరూ చూసే గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే సాధనం) రిపాజిటరీలో లేదు. రిలీజ్ కోసం విడిగా కట్టిన టార్‌బాల్ అనే ఫైళ్ల మూటలో మాత్రమే పెట్టారు. టెస్టు ఫైళ్ల ముసుగులో కొంత సరుకు రిపాజిటరీలోకీ చేరింది, కానీ తాళం తీసింది రిలీజ్ హక్కే. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీ విషయంలోనూ అంతే. నేను చూసుకుంటానని మెయిల్ రాసిన అపరిచితుడికి పాత యజమాని ప్యాకేజీని ప్రచురించే హక్కే అప్పగించేశాడు. కొన్ని వారాల్లో బిట్‌కాయిన్ వాలెట్‌ను దోచే కోడ్ అందులో చేరింది.

సుంకేసుల నుంచి కడప దాకా పారే కేసీ కాలువ కింద మా నాన్నకు రెండెకరాల మడి ఉండేది. నాకు పదేళ్లప్పుడే చేతికి పార ఇచ్చి మడవ (మడిలోకి నీళ్లు మళ్లించే గండి) తిప్పమనేవాడు. ఓసారి గట్టు మీద కునుకు తీశాను, నీళ్లన్నీ పక్కవాళ్ల మడిలోకి పోయాయి. తిట్లు పడ్డాయి. నాలుగు పెళ్లలు వేసి గండి పూడ్చాం, అంతటితో అయిపోయింది. కాలువ తూము షట్టర్ జోలికి మాత్రం మా నాన్న కూడా వెళ్లేవాడు కాదు, అది కాలువ చూసుకునే లస్కర్ పని. మడవ తప్పితే ఒక మడి మునుగుతుంది, తూము తప్పితే కింది ఊళ్లన్నీ ఏడుస్తాయి.

కమిట్ యాక్సెస్ మడవ లాంటిది. గిట్‌లో తప్పు కమిట్‌ను రివర్ట్ చేయడానికి, అంటే వెనక్కి తిప్పడానికి, ఒక్క ఆదేశం చాలు, ఎవరు ఏ గంటకు ఏం మార్చారో అంతా రికార్డయి ఉంటుంది. రెండో మనిషి చూస్తే తప్ప మెయిన్ బ్రాంచిలో (ప్రధాన శాఖలో) ఏదీ కలవకుండా కాపలా పెట్టుకోవచ్చు. రిలీజ్ కట్టే పని, రిలీజ్ మనదేనని సంతకం చేసే సైనింగ్ కీ, ప్రచురణ ఖాతా, డొమైన్ పాస్‌వర్డ్, రిపాజిటరీ సెట్టింగులు, ఇవి తూములు. మన ప్రాజెక్టుల్లో జరిగే పొరపాటు ఏమిటంటే ఈ రెంటినీ కలిపి ఒకే మూటగా చూడటం. తూము ఇవ్వడానికి భయపడి మడవ కూడా ఇవ్వం, లేదా అలసిపోయిన రోజున రెండూ ఒకేసారి అప్పజెప్పేస్తాం. మెయిన్ బ్రాంచిలో పడగానే కోడ్ నేరుగా వాడేవాళ్లకు చేరిపోయే ఏర్పాటు ఉన్నచోట మడవే తూమవుతుంది, అక్కడ నా వాదన చెల్లదు. ముందు ఆ ఏర్పాటు మార్చుకోవాలి.

సరే, మడవ త్వరగా ఇద్దాం, ఏం చూసి ఇవ్వాలి? ప్యాచ్‌ల సంఖ్య చూసి కాదు. 2020 అక్టోబరులో ఓపెన్ సోర్స్‌కు కోడ్ పంపితే టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ పండగలో, ఆ టీషర్టు కోసం రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ) ఫైళ్లలో ఒక్కో పదం చేర్చి కలపమంటూ పంపిన పుల్ రిక్వెస్టులు మెయింటెయినర్లను ముంచెత్తాయి. నిర్వాహకులు పండగ మధ్యలోనే నిబంధనలు మార్చుకోవాల్సి వచ్చింది. చెరువు నిండితే కప్పలు చేరతాయి. మన వైపు కాలేజీల్లో రెజ్యూమె కోసం జరిగే తంతు కూడా తెలిసిందే. అయితే అది చూపించి మన పిల్లలందర్నీ ఒకే గాటన కట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. కడప మిత్రుడొకరు ముప్పైకి పైగా ప్యాచ్‌లు పంపారు, గట్టి పనిమంతుడు. పెద్ద ప్యాచ్‌ను ముక్కలు చేసి పంపమంటే మాత్రం మూడు రోజులు వాదించేవారు. సంఖ్య చూసి యాక్సెస్ ఇచ్చాం. ఓ అర్ధరాత్రి ఎవరికీ చెప్పకుండా వత్తుల పట్టిక మార్చేశారు, మర్నాడు ఒకరి పుస్తకమంతా ‘క్ష’లు చెడిపోయి వచ్చాయి. రివర్ట్ చేయడానికి పది నిమిషాలు పట్టింది, తగవు తెగడానికి రెండు వారాలు. ఆ రెండు వారాల టెన్షన్ మా ముగ్గురికీ ఇంకా గుర్తుంది.

అనంతపురం అమ్మాయి మూడో ప్యాచ్‌ను మేం తిప్పి పంపినప్పుడు ఎందుకో అడిగి తెలుసుకొని, రెండు రోజుల్లో సరిచేసి పంపింది. ఐదో ప్యాచ్‌లో, ఈ భాగం నాకు సరిగ్గా అర్థం కాలేదు, మీరు చూడండి అని రాసింది. తన మార్పు వల్ల ఒక టెస్టు విరిగితే మాకంటే ముందు తనే చూసి చెప్పింది. కాదన్నప్పుడు ఎలా ఉంటారు, తెలియనిది తెలియదంటారా, తమ తప్పు తామే ఎత్తుకుంటారా అని ఈ మూడూ చూడటానికి ఏళ్లు అక్కర్లేదు. ఐదారు ప్యాచ్‌లు, కాస్త నిజాయితీగా రాసిన రివ్యూలు చాలు. ఆ రివ్యూలు రాసే తీరిక లేక, తీరిక లేదని ఒప్పుకోలేక మేం “ఇంకొన్నాళ్లు” అన్నాం.

గిట్ లాంటిదే అయిన సబ్‌వెర్షన్ అనే సాధనం ప్రాజెక్టువాళ్లు ఒక పద్ధతి పాటించేవారు. అనువాదాలో, ఏదో ఒక మూలో చూసుకునే మనిషికి ఆ మేరకే కమిట్ హక్కు. అందుకు పాత కమిటర్ ఒక్కరి హామీ సరిపోయేది, పూర్తి హక్కుకు మాత్రం అందరి అంగీకారం కావాలి. తెలుగు సాఫ్ట్‌వేర్ పనులకు ఇది అతికినట్టు సరిపోతుంది. వత్తుల పట్టిక బాగా తెలిసిన మనిషికి సాఫ్ట్‌వేర్‌ను కట్టే బిల్డ్ స్క్రిప్టు తెలియాలని పట్టుబట్టడం దేనికి?

పోయిన వారం తొమ్మిదో ప్యాచ్‌ను కలిపేశాం. అందులో దిద్దడానికి ఏమీ లేదు. ఆమెకు మెయిల్ రాసి, గిట్‌హబ్‌లో కమిట్ యాక్సెస్ ఆహ్వానం కూడా పంపాను. ఆ ఆహ్వానానికి గడువు ఏడు రోజులే. ఇది రాస్తున్నది ఐదో రోజు.