700 మెగాహెర్ట్జ్ గారికి ఒక విన్నపం

టవరుకూ సెల్‌ఫోనుకూ మధ్య గాలిలో మాటలు మోసే తరంగాల దారియగు మహారాజశ్రీ 700 మెగాహెర్ట్జ్ బ్యాండు గారి దివ్య సముఖమునకు, ఒక మామూలు చందాదారుడు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది కానీ నా వైపు కుశలం లేదు. తమరి కుశలం మాత్రం మా ఆవిడ ఫోనులో నిండుగా వెలుగుతున్న నాలుగు గీతలను చూస్తే తెలుస్తూనే ఉంది.

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు డాలస్ నుంచి వస్తూ నాకొక ఫోను తెచ్చాడు. మన డబ్బుల్లో 60 వేలట. చందమామ మీద గుంతలు లెక్కపెట్టగల కెమెరా. సిమ్ వేయగానే పై మూలన 'ఈ' అని ఒకే ఒక ఇంగ్లీషు అక్షరం వెలిగింది. అమెరికాలో అదేదో కొత్త సౌకర్యం కాబోలు అనుకున్నాను. 2జీ కాలంనాటి డేటాకు గుర్తని తరవాత తెలిసింది. పక్కనే మా ఆవిడ ఫోను ఉంది. 8 వేలకు కొన్నది, తెర మీద పగులు, వెనక మూతకు రబ్బరు బ్యాండు. అందులో 4జీ పరుగులు తీస్తోంది. "ఏమండీ, మీ అమెరికా ఫోనులో రేపు ఎండ కాస్తుందో లేదో చూసి చెప్పండి, వడియాలు పెట్టాలి" అని అడుగుతుంది రోజూ. వడియాలు ఎండి డబ్బాలోకి చేరినా నా ఫోనులో ఆ పేజీ తెరుచుకోదు.

సిమ్ కంపెనీ మీద విరుచుకుపడదామనుకున్నాను. తప్పు దానిది కాదు. మా ఊరి టవరు 4జీని రెండు దారుల్లో పంపుతుంది. ఒకటి బ్యాండ్ 28, అంటే తమరు. రెండోది బ్యాండ్ 1, అంటే 2100 మెగాహెర్ట్జ్. నా ఫోనుకు తెలిసిన బ్యాండ్లేమో 2, 4, 5, 12, 13, 66, 71. లాటరీ టికెట్టు చూసుకున్నట్టు రెండుసార్లు సరిచూశాను. వీటిలో 5 ఒక్కటీ మన దేశంలోనూ నడిచేదే, కానీ మా ఊరి టవరులో లేదు.

అసలు కోపం ఇక్కడే. "700 ఉందో లేదో చూసే కొన్నాను మామయ్యా" అంటాడు మేనల్లుడు. వాడు అబద్ధమాడలేదు. అమెరికాలో 12నూ, 13నూ కూడా 700 అనే పిలుస్తారు. ఇంటిపేరు ఒకటే, గోత్రం వేరు. తమరి పద్ధతిలో ఫోను 703 నుంచి 748 మెగాహెర్ట్జ్ వరకు మాట్లాడి, 758 నుంచి 803 వరకు వింటుంది. వాళ్ల 13లో ఫోను 777 నుంచి 787 వరకు మాట్లాడి, 746 నుంచి 756 వరకు వింటుంది. అంటే మన టవరు నోరు తెరిచే చోటే ఆ ఫోనుకూ నోరుంది. చెవిని మాత్రం దాదాపుగా ఎవరూ పలకని ఖాళీ సందులో పెట్టుకుని కూర్చుంది. మా ఇంటి పెళ్లి సంప్రదింపులు కూడా ఇలాగే జరుగుతాయి కనుక నాకు వెంటనే అర్థమైంది.

పెళ్లి మాట వచ్చింది కనుక తమరి బెట్టు కూడా చెప్పుకోవాలి. ప్రభుత్వం ఫోను కంపెనీలకు తరంగాలు అమ్మిన 2016 వేలంలో దేశం మొత్తానికి మెగాహెర్ట్జ్ ఒక్కింటికి 11,485 కోట్ల రూపాయలు కనీస ధర అన్నారు. గుమ్మం తొక్కినవాళ్లు లేరు. 2021లో 6,568 కోట్లకు దిగారు. అప్పుడూ లేరు. 2022లో 3,927 కోట్లకు వచ్చాక జియో 10 మెగాహెర్ట్జ్ తీసుకుంది. మరుసటి ఏడాది ప్రభుత్వం బీఎస్ఎన్ఎల్‌కూ వాటా కేటాయించింది. కట్నం పట్టుదలతో రెండు ముహూర్తాలు పోగొట్టుకున్న పెళ్లికొడుకులను చూశాను గానీ, గాలిలో తరంగం ఇంత పని చేస్తుందనుకోలేదు.

గుణంలో మాత్రం తమరికి వంక పెట్టలేను. తక్కువ ఫ్రీక్వెన్సీ కనుక దూరం పోతారు, గోడలు దాటుతారు. మా మండువా ఇంటి మట్టిగోడలు రెండడుగుల మందం. 3300 లాంటి పట్నపు బ్యాండు వాటిని చూసి వీధి అరుగు మీదే ఆగిపోతుంది. తమరు వంటింటి దాకా వస్తారు. వచ్చి మా ఆవిడను పలకరించి వెళ్లిపోతారు.

పోనీ ఇక్కడే ఇంకొకటి కొందామని పట్నంలో దుకాణానికి వెళ్లాను. "ఇందులో బ్యాండ్ 28 ఉందా?" అని అడిగాను. "బ్యాండు ఉచితం సార్, ఏ రంగు కావాలి?" అంటూ ఆ అబ్బాయి చేతికి పెట్టుకునే పట్టీ ఒకటి తీశాడు. పెట్టె తిప్పి చూశాను. మెగాపిక్సెళ్లు బొప్పాయికాయంత అక్షరాల్లో ఉన్నాయి. తమరి పేరు చీమ తలకాయంత కూడా లేదు. ఒకే పేరుతో అమ్మే ఫోనుకు దేశానికో రూపం ఉంటుందనీ, తేడా అంతా మోడల్ నంబరులో చివరి ఒకటి రెండు అక్షరాల్లోనే దాగుంటుందనీ, ఆ నంబరు పట్టుకుని తయారీదారు వెబ్‌సైటులో వెతికితే తప్ప తమరి దర్శనం కాదనీ ఆ రోజు నేర్చుకున్నాను. శ్రీవారి దర్శనానికైనా వరస ఎక్కడ మొదలవుతుందో బోర్డు ఉంటుంది.

ఇంకొక కిటుకు కూడా తమరిదే. ఫోనుకు 4జీలో 28 ఉన్నంత మాత్రాన 5జీలో ఎన్28, అంటే అక్కడ తమరికున్న పేరు, ఉన్నట్టు కాదట! మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. అంతకుముందే 5జీ ఫోను అని మురిసి కొన్నవాళ్లలో కొందరికి చేతికొచ్చింది ఎన్78, అంటే ఆ 3300 పట్నపు బ్యాండు, ఒక్కటే. వాళ్ల గోడు వాళ్లే రాసుకుంటారు, నాది నాకు చాలు.

ప్రస్తుతం ఆ 60 వేల ఫోను మా ఇంట్లో తెల్లవారుజామున అలారం మోగిస్తోంది. మేనల్లుడు వేసవిలో మళ్లీ వస్తున్నాడు. ఏం తెమ్మంటారని అడిగితే, మా ఆవిడ ఫోను నుంచి "ఏది తెచ్చినా 28 ఉందో లేదో చూసి తీసుకురా" అని సందేశం పంపాను. తమరి దయవల్ల క్షణంలో వెళ్లింది. జవాబు కూడా క్షణంలోనే వచ్చింది:

"28 పట్టదు మామయ్యా, మీ నడుముకు 36 కావాలి."

చిత్తగించవలెను.

ఇట్లు,
'ఈ' అక్షరం కింద కూర్చున్న
తమ విధేయుడు