బందరు రోడ్డు పట్టభద్రుడి న్యూజిలాండ్ సన్నాహం

ఇరవై రెండేళ్లుగా విజయవాడ బందరు రోడ్డు మీద కారు నడుపుతూ, ఎవరినీ గుద్దకుండా, ఎవరిచేతా గుద్దించుకోకుండా (పక్క అద్దాల లెక్క వేరు) ప్రతి సాయంత్రం ఇంటికి చేరుతున్న నాబోటివాడికి పరాయి దేశంలో కారు నడపడం ఒక లెక్కలోది కాదని మా ఇంట్లో జరిగిన మొదటి సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. న్యూజిలాండ్‌ను ఎంపిక చేయడానికి మా బావగారు చూపిన కారణం తిరుగులేనిది: అక్కడ కూడా మనలాగే ఎడమవైపున నడుపుతారు. ఎడమవైపు అనేది విజయవాడలో ఒక అభిప్రాయం మాత్రమేననీ, అక్కడ చట్టమనీ ఆ పూట ఎవరికీ తట్టలేదు.

రవాణా శాఖకు ఫారం 4ఎ నింపి, వెయ్యి రూపాయలు కట్టి, ఏడాదిపాటు చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవడంతో డ్రైవింగ్‌కు సంబంధించిన చర్చ ముగిసింది. మిగిలిన నాలుగు సమావేశాలూ ఆవకాయ మీదనే జరిగాయి. ఆ దేశంలో దిగేటప్పుడు వెంట తెచ్చిన ఆహారపదార్థం ఏదైనా సరే డిక్లరేషన్ ఫారంలో రాసి చెప్పి తీరాలి. చెప్పకుండా దొరికిపోతే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. తాజా పళ్లను లోపలికి రానివ్వరని తెలిసినప్పుడు మా అమ్మ నిర్ఘాంతపోయింది. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించకుండా కదలడం మా వంశంలో లేదు. అద్దె బండి అయినా బండే గదా, నిమ్మకాయలు అక్కడి బజారులోనే కొందామని సర్దిచెప్పవలసి వచ్చింది. ఇంత జరుగుతున్నంతసేపూ మా ఆవిడ ఒక మూల కూర్చుని ఫోనులో ఆ దేశపు రోడ్ కోడ్ చదువుకుంటూ ఉంది. దానిని మేము పట్టించుకోలేదు.

దూరాల లెక్క బావగారిది. క్రైస్ట్‌చర్చ్ నుంచి క్వీన్స్‌టౌన్‌కు సుమారు 480 కిలోమీటర్లు, ఊళ్ల బయట గంటకు 100 వరకు వెళ్లవచ్చు, కనుక నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషాలు అని ఆయన తేల్చారు. ఆ రోడ్డు చాలా మేరకు వెళ్లే బండికి ఒక వరుస, వచ్చే బండికి ఒక వరుసగా కొండల మధ్య వంకరలు తిరుగుతుందనీ, 100 అనేది హద్దే తప్ప అందుకు తీరవలసిన మొక్కు కాదనీ ఆ మూల నుంచి ఒక గొంతు వినిపించింది. ఆ దేశంలో ఎవరైనా అడ్డదిడ్డంగా నడిపితే వెనక వచ్చేవాడు ఫోను తీసి స్టార్ 555 నొక్కి పోలీసులకు చెప్పవచ్చునట. ఆ సౌకర్యమే మన ఏలూరు రోడ్డుకు వస్తే ఫోను కంపెనీలు రెండు రోజులు కూడా తట్టుకోలేవు.

మిల్‌ఫర్డ్ సౌండ్ అనే సముద్రపు పాయకు వెళ్లే దారిలో కొండను తొలిచి వేసిన హోమర్ సొరంగం ఉంది. 1935లో పని మొదలై 1954లో బండ్లకు తెరుచుకున్న ఆ సొరంగం పొడవు ఇంచుమించు మన ప్రకాశం బ్యారేజీ అంతే. రద్దీ రోజుల్లో సిగ్నల్ పెట్టి ఒకసారి ఒకవైపు బండ్లనే వదులుతారు. అక్కడ ఆగి ఉన్న కార్ల రబ్బరును పీక్కుతినే కియా అనే చిలుకలు ఉన్నాయి కానీ, కొండ కోతులను చూసిన జాతికి చిలుకలు ఒక లెక్కా? నన్ను కలవరపెట్టినవి ఒంటివరుస వంతెనలు. బోర్డు మీద మనవైపు బాణం చిన్నదిగా, ఎర్రగా ఉంటే ఎదుటివాడు దాటేవరకు మనం ఆగాలి. ముందుగా లైటు కొట్టినవాడిదే వంతెన అనే సనాతన ధర్మంలో పెరిగినవాడు ఒక బాణం రంగును చూసి తన హక్కును వదులుకోవడం ఎంతటి త్యాగమో ఆ బోర్డు రాసినవారికి తెలియదు.

ఏదైనా సాధన చేస్తేనే వస్తుంది కనుక, ఒక ఆదివారం న్యూజిలాండ్ నిబంధనలన్నీ పాటిస్తూ బెంజ్ సర్కిల్ నుంచి గవర్నరుపేట వరకు నడిపి చూద్దామని బయలుదేరాను. ముందు బండికీ మనకూ రెండు సెకన్ల ఎడం ఉండాలన్నది మొదటి నియమం. ఎడం వదిలిన మరుక్షణమే అందులోకి ఒక ఆటో, రెండు మోటారు సైకిళ్లు, ఒక అరటిపళ్ల బండి ప్రవేశించాయి. నియమం ప్రకారం వాటి వెనక మళ్లీ రెండు సెకన్లు వదిలాను, మళ్లీ నిండింది. ఆ లెక్కన నేను గవర్నరుపేటకు కాక వెనక్కి బందరుకే చేరవలసి ఉంది. జీబ్రా గీతల దగ్గర ఒక ముసలమ్మ నిలబడి ఉంటే రెండో నియమం ప్రకారం కారు ఆపాను. ఆమె దాటలేదు. నన్నూ, బండినీ అనుమానంగా చూసి, “చెడిపోయిందా నాయనా?” అని అడిగింది.

మూడోది సర్కిల్ నియమం. అప్పటికే సర్కిల్లో తిరుగుతూ కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇచ్చి, ఖాళీ దొరికాకే మనం అందులోకి వెళ్లాలి. తిరుగు దారిలో పటమటలో సిగ్నల్ లేని ఒక చిన్న సర్కిల్ దగ్గర కుడివైపు వారికి దారి ఇవ్వడం మొదలుపెట్టాను. కుడివైపు అయిపోదని అప్పుడే తెలిసింది. హారన్ అవసరమైన హెచ్చరికకే వాడాలి కనుక నేను మోగించలేదు. ఆ లోటును నా వెనకవారు తీర్చారు. చివరికి ఒక ఆటో అబ్బాయి దిగి వచ్చి, కిటికీలోకి వంగి, నిజమైన దయతో, “నేర్చుకుంటున్నారా సార్? ఎల్ బోర్డు పెట్టుకుంటే మేమే చూసుకుని పోతాం కదా” అన్నాడు. ఇరవై రెండేళ్ల పట్టా ఆ క్షణంలో రద్దయింది.

ఇంటికి వచ్చేసరికి బావగారు అద్దె కారు ఫారం తెరిచి ఉంచారు. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిప్పర్స్ రోడ్డు మీదికి బండి పోతే బీమా వర్తించదన్న వాక్యాన్ని పిల్లలకు చదివి వినిపిస్తున్నారు. ప్రధాన డ్రైవరు అనే గడిలో మా ఆవిడ పేరు అప్పటికే ఉంది. ఆమె స్కూటీ మీద వెళ్తూ ఇండికేటర్ వేసి మరీ మలుపు తిరుగుతుందని ఇన్నాళ్లూ మేమందరం నవ్వినవాళ్లమే. నా పేరు అదనపు డ్రైవరు గడిలోకి వెళ్లింది. ఆ గడికి రోజువారీగా విడి రుసుము ఉందని చదివిన వెంటనే బావగారు దానిని కూడా కొట్టేసి, ఆవకాయ సంగతి కాగితం మీద రాసే బాధ్యతను నాకు అప్పగించారు.